ముప్పై అడుగుల మంచె మీద నా అభ్యంతరం

సెప్టెంబరు దగ్గర పడుతుంటే పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల విల్లుతో వేటాడే మన తెలుగు కుర్రాళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. చెట్టుకు కట్టుకుని కూర్చునే మంచె, అంటే స్టాండు గురించి అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "అన్నా, ఈసారి స్టాండు పాతిక అడుగుల్లో కట్టమంటారా, ముప్పైలోనా?" పదిహేను, పదహారు అన్న అంకె ఎవరి నోటా వినను. ఎంత పైకెక్కితే అంత గట్టి వేటగాడన్న నమ్మకం వాళ్లలో పాతుకుపోయింది. దాన్ని నేను ఒప్పుకోను. ముప్పై అడుగుల మంచె చాలా సందర్భాల్లో జింకను చిత్రహింస పెడుతుంది, మనిషిని ప్రమాదంలోకి నెడుతుంది. పశ్చిమ పెన్సిల్వేనియా కొండల్లోనైతే దాక్కోవడానికి కూడా అంతగా పనికిరాదు.

ఊళ్లో ఉన్న చదువరుల కోసం ముందు రెండు ముక్కలు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అక్కడ అలా ఉండటమే న్యాయం. ఇక్కడి సంగతి వేరు. 1900 ప్రాంతానికి అమెరికా మొత్తంలో తెల్లతోక జింకలు ఐదు లక్షల లోపుకు పడిపోయాయని అంచనా. పెన్సిల్వేనియాలో అవి ఎంత అరుదయ్యాయంటే, వేరే రాష్ట్రాల నుంచి కొని తెచ్చి అడవుల్లో వదిలారు. ఇప్పుడు దేశంలో వాటి సంఖ్య మూడు కోట్ల దాకా ఉంటుందంటారు. వాటిని అదుపులో పెట్టిన తోడేళ్లు ఈ రాష్ట్రంలో ఏనాడో అంతరించాయి. జింకలు మితిమీరిన అడవిలో నడిచి చూడండి. పెద్ద చెట్లు ఉంటాయి, వాటి కింద రేపటి చెట్లు ఉండవు. ఓక్ మొలక తల ఎత్తగానే కొరికేస్తాయి. రోడ్ల మీద కార్లకు అడ్డుపడి చచ్చేవాటికి లెక్క లేదు. 1895లో ఏర్పడిన రాష్ట్ర గేమ్ కమిషన్ ఏటా ఏ ప్రాంతంలో ఎన్ని జింకలను తగ్గించాలో నిర్ణయించి లైసెన్సులు ఇస్తుంది. ఊరి పొలిమేరల్లో తుపాకీ పేల్చడం కుదరదు కాబట్టి అక్కడ విల్లే దిక్కు. ఇక్కడి నిబంధన ప్రకారం మనుషులు ఉండే ఇంటికి తుపాకీతో 150 గజాల లోపు వేటాడకూడదు, విల్లుతోనైతే ఆ హద్దు 50 గజాలు. 2023లో పిట్స్‌బర్గ్ నగరమే తన ఫ్రిక్, రివర్‌వ్యూ పార్కుల్లో ఎంపిక చేసిన విలుకాళ్లతో జింకల సంఖ్య తగ్గించే పని మొదలుపెట్టింది.

మంచె అంటే మనకు జొన్నచేలో పిట్టలను తోలే నాలుగు గుంజల మంచె గుర్తుకొస్తుంది. ఇక్కడి ట్రీ స్టాండు చెట్టు మానుకు పట్టీలతో బిగించే చిన్న లోహపు పీట. కాళ్లు పెట్టుకోవడానికి ఒక పలక, కూర్చోవడానికి ఒక పట్టీ సీటు, అంతే. నిచ్చెనతో సహా వచ్చే రకం సాధారణంగా 15 నుంచి 20 అడుగుల మధ్య ఉంటుంది. విడి మెట్లు ఒకదాని పైన ఒకటి కట్టుకుంటూ ఎక్కే రకం, పీటే చెట్టును పట్టుకుంటూ పైకి పాకే రకం, ఈ మధ్య బాగా వాడుకలోకి వచ్చిన శాడిల్ అనే నడుం పట్టీ రకం, ఇవన్నీ ఎంత ఎత్తుకైనా పోనిస్తాయి. వాదమంతా వచ్చేది వీటి దగ్గరే. నిచ్చెన స్టాండు కొన్నవాడికి ఎత్తును కంపెనీయే నిర్ణయించేసింది, అతను హాయిగా ఉన్నాడు.

జింక ఎలా చూస్తుందో తెలిస్తే సగం ప్రశ్న తీరుతుంది. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 300 డిగ్రీల మేర చూడగలదు. కంటిపాప అడ్డంగా సాగి ఉంటుంది, లోపల చూపు చురుగ్గా ఉండే భాగం కూడా అడ్డంగానే పరుచుకుని ఉంటుంది. నేలకు సమాంతరంగా, దూరాన ఏది కదిలినా పసిగట్టే కన్ను అది. దాన్ని తినడానికి వచ్చినవన్నీ తరతరాలుగా నేల మీదనే వచ్చాయి కదా. అందుకే మనిషి ఆ చూపు వరస దాటి పైకి వెళ్తే లాభం ఉంది. ఇంతవరకు ఎత్తు పక్షం వాళ్లతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఆ లాభంలో ఎక్కువ భాగం మొదటి పన్నెండు, పదిహేను అడుగుల్లోనే వచ్చేస్తుంది. అక్కడి నుంచి ప్రతి అడుగుకూ కలిసొచ్చేది తగ్గుతూ పోతుంది, పోగొట్టుకునేది పెరుగుతూ పోతుంది. మంచె మీద మనిషిని పట్టించేవి ప్రధానంగా రెండు. ఒకటి కదలిక, రెండోది వెనక ఆకాశం మీద నల్లగా కనిపించే ఆకారం. పైకి ఎక్కేకొద్దీ రెండోది పెరుగుతుంది. పద్నాలుగు అడుగుల్లో నా వెనక పక్క చెట్ల మానులు, కొమ్మలు, అవతలి గట్టు ఉంటాయి. ముప్పైలో చాలా చెట్లకు కొమ్మలు పలచబడతాయి, వెనక తెల్లటి ఆకాశం తప్ప ఏమీ మిగలదు. చలికాలపు మబ్బు వెలుతురులో విల్లు ఎత్తే చెయ్యి కొండ మీద జెండాలా కనిపిస్తుంది. ఏటా వేట జరిగే చోట పెరిగిన ముసలి ఆడజింకలు తల ఎత్తి చెట్లను చూసుకుంటూ నడవడం నేను కళ్లారా చూశాను. అలాంటి జింకకు ఇరవై, ముప్పై అన్న తేడా లేదు. దానికి కనిపించేది చెట్టుకు అతుక్కున్న కొత్త బొడిపె.

ఇక కొండ వాలు సంగతి. ఇది రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను. వీడియోల్లో చూపించే వేట చాలావరకు చదునైన నేలల్లో, పొలాల అంచున ఉండే చిన్న అడవుల్లో జరుగుతుంది. అలెగేనీ నది ఒడ్డున, మనంగహేలా లోయల్లో చదును ఎక్కడుంది? మా దగ్గర పదడుగులు నడిస్తే మూడడుగులు లేచే వాలు మామూలు విషయం. అలాంటి వాలులో ఒక చెట్టుకు ఇరవై అడుగుల్లో మంచె కట్టారనుకోండి. పై వైపు 20 గజాల దూరంలో జింక నిలబడింది. ఇరవై గజాలంటే 60 అడుగులు, ఆ దూరంలో నేల 18 అడుగులు లేచింది. జింక కన్ను నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే మీ చెట్టు మొదలు నుంచి లెక్కిస్తే దాని కన్ను 21, 22 అడుగుల్లో ఉంది. మంచె మీద కూర్చున్న మీ కన్ను 23, 24 అడుగుల్లో ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా బల్ల దగ్గర కూర్చున్నట్టే లెక్క. ఎక్కిన ఇరవై అడుగులూ నీళ్లలో కలిశాయి.

అదే జింక కింది వైపు 20 గజాల్లో ఉంటే? నేల 18 అడుగులు దిగింది, కాబట్టి అక్కడి నుంచి చూస్తే మీరు 38 అడుగుల పైన ఉన్నారు. ఒకే పీట మీద కూర్చుని ఒక వైపు జింకతో సమానంగా, మరో వైపు మూడంతస్తుల మేడ మీద ఉన్నారన్నమాట. ఇప్పుడు చెప్పండి, "ఎన్ని అడుగులు?" అన్న ప్రశ్నకు ఒక అంకెతో జవాబు ఉందా? చెట్టు మొదట్లో టేపు పెట్టి కొలిచిన ఎత్తుకు అర్థం లేదు. జింక నడిచే బాట మీద నిలబడి కొలవాలి. నేను చేసేది ఇదే. బాట మీదకు వెళ్లి, జింక కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు తల వచ్చేలా మోకాళ్ల మీద కూర్చుని, చెట్టు వైపు చూస్తాను. మిత్రుడెవరైనా ఉంటే అతన్ని నెమ్మదిగా ఎక్కమంటాను. అతని నడుం వెనక ఏముంది, భుజం వెనక ఏముంది, ఎక్కడ ఆకాశం మొదలవుతుంది, ఇవన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి. ఆకాశం మొదలయ్యే చోటికి రెండు మూడు అడుగుల కింద ఆపేస్తాను. కొన్ని చెట్లకు అది 19 అడుగులు అవుతుంది, కొన్నింటికి 13.

ఎత్తులో మరో పెద్ద సమస్య కోణం. ఎత్తు పక్షం వాళ్లు దీన్ని తేలిగ్గా తీసేస్తారు, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం. విల్లు తుపాకీ లాంటిది కాదు. బాణం దెబ్బకు అదిరి పడిపోయే జంతువు ఉండదు. కత్తుల్లాంటి అంచులున్న ములుకు ఊపిరితిత్తులను కోస్తే, లోపలి నెత్తురు పోయి, జింక కొద్ది క్షణాల్లో కూలిపోతుంది. రెండు ఊపిరితిత్తులూ తెగితే వంద గజాల లోపు పడిపోవడం మామూలు. ఒకటే తెగితే అది గంటల తరబడి బతకవచ్చు, మైళ్లు పోవచ్చు, ఒక్కోసారి ఎప్పటికీ దొరకకపోవచ్చు. కాబట్టి విలుకాడి బాధ్యతంతా ఒక్క వాక్యంలో ఉంది: బాణం ఛాతీని అడ్డంగా దాటి అవతలికి పోవాలి. పక్క నుంచి చూస్తే ఆ గురి చోటు ఎనిమిది, పది అంగుళాల పళ్లెం అంత ఉంటుంది. పై నుంచి చూస్తే ఆ పళ్లెం సన్నబడిపోతుంది. మధ్యలో వెన్నెముక అడ్డం, ముందు భుజపు ఎముక అడ్డం, రెండు ఊపిరితిత్తులు చెరో పక్కన. నిట్టనిలువుగా దిగే బాణం వాటిలో ఒకదాన్ని మాత్రమే తాకి రొమ్ము కిందకు పోతుంది.

లెక్క వేసి చూద్దాం. మంచె మీద నిలబడితే బాణం వదిలే చోటు పీటకు ఐదడుగుల పైన ఉంటుంది, జింక ఛాతీ నేలకు రెండున్నర అడుగుల పైన. చదును నేల మీద 20 అడుగుల మంచె నుంచి 20 గజాల దూరంలో ఉన్న జింకకు బాణం దిగే కోణం సుమారు 20 డిగ్రీలు. మంచి కోణం, రెండు ఊపిరితిత్తులూ అందుతాయి. అదే మంచె నుంచి 10 గజాలకైతే 37 డిగ్రీలు. జాగ్రత్తగా గురి చూస్తే ఇది కూడా సాధ్యమే. ముప్పై అడుగుల మంచె నుంచి 10 గజాలకు కోణం 47 డిగ్రీలు దాటుతుంది. అక్కడ నేను బాణం వదలను. ఎవరినీ వదలమని చెప్పను.

ఇదే లెక్కలో ఎత్తు పక్షానికి అనుకూలమైన అంకె కూడా ఒకటుంది, దాచను. ముప్పై అడుగుల నుంచి 20 గజాలకు కోణం 28 డిగ్రీలే. పదహారు అడుగుల నుంచి 10 గజాలకు అది దాదాపు 32. అంటే దూరంగా నిలబడ్డ జింకకు ఎత్తు మంచె నుంచి వచ్చే కోణం, దగ్గరి జింకకు పొట్టి మంచె నుంచి వచ్చే కోణం కన్నా మెరుగే. నిజమే. కానీ ఇది ఎత్తును సమర్థించే మాట కన్నా, బాటకు ఎంత దూరంలో చెట్టు ఎంచుకోవాలో చెప్పే మాట. నన్నడిగిన వాళ్లలో ఎక్కువ మంది బాట పక్కనే, ఎనిమిది గజాల లోపు చెట్టు పట్టుకుని ముప్పై అడుగులు ఎక్కుతారు. మన వాసన జింకకు తగలకూడదని ఎత్తు, గురి తప్పకూడదని దగ్గర. ఈ రెండూ కలిస్తే వచ్చేది అన్నిటికన్నా చెడ్డ కోణం. తమ్ముళ్లారా, ఎక్కే ముందు వెనక్కి నడవండి. బాటకు 15 నుంచి 20 గజాల దూరంలో చెట్టు దొరికితే, ఎత్తు గురించిన బెంగ సగం పోతుంది.

నవంబరు మొదటి వారంలో, జింకలు జతకట్టే కాలంలో, ఒక మిత్రుడు చీకటి పడ్డాక ఫోన్ చేసి సాయం రమ్మన్నాడు. అతని మంచె ముప్పై అడుగులకు కాస్త తక్కువ. మగజింక ఆడజింక వెంట పడుతూ సరిగ్గా చెట్టు కిందకు వచ్చింది, ఎనిమిది గజాలు కూడా లేదు. బాణం వెన్నుకు పక్కన దిగింది, అవతలికి రాలేదు. ఇలా పైన దిగి కింద బయటికి రాని గాయంతో వచ్చే చిక్కు ఏమిటంటే, నెత్తురంతా ఛాతీ లోపలే నిండుతుంది, నేల మీద పడదు. తలకు దీపాలు కట్టుకుని రాలిన ఓక్ ఆకులను ఒక్కొక్కటిగా తిప్పుతూ నడిచాం. పదడుగులకు ఒక చుక్క, తర్వాత ముప్పై అడుగులకు ఒకటి. ఒక చోట అది పడుకుని లేచిన గుర్తు ఉంది, ఆకుల మీద అరచేయి అంత తడి. మేము మరీ తొందరగా వెంటపడ్డామని అర్థమై ఆగిపోయాం. తెల్లవారాక జాడ పట్టే కుక్కను తాడుతో తీసుకొచ్చిన ఒకాయన సాయం చేశారు. వాగు దాకా తీసుకెళ్లింది, వాగు అవతల కుక్కకు కూడా ఏమీ దొరకలేదు. మిత్రుడు మంచివాడు, గురి బాగా తెలిసినవాడు. బాణం అతను చూసిన చోటే తగిలింది. అతను కూర్చున్న చోటు నుంచి చూడదగ్గ చోటే అక్కడ లేదు.

ఆ రోజు నుంచి నేను ఎవరికి చెప్పినా ఇలా చెబుతాను: బాణం ఎక్కడ తగలాలో చూడకండి, ఎక్కడి నుంచి బయటికి రావాలో చూడండి. అవతలి ముందుకాలి వెనక, ఛాతీ కింది మూడో వంతులో ఒక చోటును మనసులో పెట్టుకుని, అక్కడికి గీత గీస్తే ఇవతలి పక్క ఎక్కడ తగలాలో అదే తెలుస్తుంది. కొంచెం అవతలికి తిరిగి నిలబడ్డ జింక అయితే మరీ మంచిది. నేరుగా చెట్టు కిందకు వచ్చిన జింకను పోనివ్వాలి. అది నాలుగడుగులు నడిస్తే కోణం దానంతటదే మెరుగవుతుంది. నడవకపోతే, ఆ రోజుకు అంతే.

వాసన గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఎత్తు వాసనను దాస్తుందన్న మాటలో కొంత నిజం, చాలా అతిశయం ఉన్నాయి. చదును నేల మీద నిలకడగా గాలి వీస్తుంటే పైనున్న మనిషి వాసన దగ్గరి జింక తల మీదుగా పోతుంది. కొండల్లో గాలి అలా ఉండదు. పొద్దెక్కి వాలు వేడెక్కాక గాలి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడ్డాక బరువెక్కి వాగు వైపు జారుతుంది. గట్టు అవతల నుంచి వచ్చే గాలి ఇవతల సుడి తిరుగుతుంది. సాయంత్రం జారే చల్లగాలి ముప్పై అడుగుల మీది వాసనను కూడా అలాగే మోసుకుని కిందికి తెస్తుంది. గాలి తప్పుగా ఉన్న రోజు ఆ చెట్టు ఎక్కకపోవడం ఒక్కటే మందు. బాటకు పై వైపున ఒక మంచె, కింది వైపున ఒక మంచె పెట్టుకుని, ఉదయం పైది, సాయంత్రం కిందిది వాడుకునే వాళ్లు నా లెక్కలో తెలివైనవాళ్లు. పై వైపు చెట్టుకు ఇంకో లాభం ఉంది. కింద బాట మీద నడిచే జింకకు వాలే కొంత ఎత్తు ఇచ్చేస్తుంది కాబట్టి 12, 13 అడుగులు ఎక్కితే చాలు.

చెట్టు ఏదన్నది ఎత్తు కన్నా పెద్ద ప్రశ్న. అక్టోబరు మొదట్లో పచ్చటి మేపుల్ గుబురులో దాగిన మంచె నవంబరు మొదటి వారానికి బోడి స్తంభానికి వేలాడే గూడు అవుతుంది. సరిగ్గా మగజింకలు పగలు కూడా తిరిగే రోజులవి. ఆకు రాలగానే చాలామంది ఇంకో పదడుగులు పైకి జరుపుతారు. నేను చెట్టు మారుస్తాను. హెమ్‌లాక్ ఈ రాష్ట్రపు అధికారిక వృక్షం, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. దాని కొమ్మల మధ్య 12 అడుగుల్లో కూర్చుంటే పక్కనున్న బోడి ఓక్ మీద పాతిక అడుగుల కన్నా బాగా దాగుంటాం. చిన్న బీచ్ చెట్లు, కొన్ని ఓక్‌లు ఎండిన ఆకులను చలికాలమంతా వదలవు, అవి కూడా మంచి తోడు. ఒకే మొదలు నుంచి రెండు మూడు మానులు లేచిన చెట్టు దొరికితే వెనక్కి చూడకుండా అదే తీసుకోండి.

ఆష్ చెట్టు మాత్రం వద్దు. ఆసియా నుంచి వచ్చిన పచ్చ పురుగు ఒకటి 2002లో డెట్రాయిట్ ప్రాంతంలో బయటపడి, 2007 నాటికి పిట్స్‌బర్గ్‌కు ఉత్తరాన ఉన్న బట్లర్ కౌంటీకి చేరింది. అప్పటి నుంచి మా అడవుల్లో ఆష్ చెట్లు నిలబడే చచ్చిపోతున్నాయి. నిటారుగా, మంచెకు సరిపడే లావులో, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. లోపల పెళుసు. ఎవరైనా చెట్టును ఎంచుకునే ముందు తల ఎత్తి కొమ్మల చివర్లు చూడాలి, బెరడు ఊడిపోతోందా చూడాలి. షాగ్‌బార్క్ హికరీ చెట్టు బతికే ఉంటుంది గానీ దాని బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, పాకే రకం స్టాండుకు అది పనికిరాదు. ఇంకో మాట. పైకి పోయేకొద్దీ ఏ మాను అయినా సన్నబడుతుంది, గాలికి ఎక్కువ ఊగుతుంది. ముప్పై అడుగుల్లో పీట ఊగుతుంటే గురి కుదరదు.

పడటం గురించి రాయకుండా ఎత్తు గురించి రాయడం నేరం అనుకుంటాను. 16 అడుగుల నుంచి జారితే నేలను తాకేటప్పటికి వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్లు. ముప్పై నుంచి అయితే దాదాపు 48. పట్టుకోవడానికి చెయ్యి చాచే సమయం రెండింటిలోనూ ఉండదు. తక్కువ ఎత్తయితే ఫరవాలేదని ఎవరూ అనుకోకండి, పది అడుగుల నుంచి పడి నడుం విరిగి కుర్చీకే పరిమితమైన వాళ్లు ఉన్నారు. పీట మీద కూర్చున్నప్పటి కన్నా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మెట్టు మీద నుంచి పీట మీదకు కాలు మార్చేటప్పుడే ఎక్కువ మంది పడతారు. కాబట్టి జారితే మనిషిని పట్టి ఆపే పట్టీల తొడుగు, ఒంటికంతా పట్టే హార్నెస్ వేసుకోవాలి, నేల మీద ఉండగానే దాన్ని పై దాకా కట్టిన తాడుకు తగిలించాలి. ఆ తాడు మీద జారుతూ, బరువు పడగానే బిగుసుకునే ప్రూసిక్ ముడిని మనతో పాటు పైకి జరుపుకుంటూ పోవాలి, తిరిగి నేల తాకేదాకా విప్పకూడదు. విల్లు భుజాన వేసుకుని ఎక్కకూడదు, పైకి చేరాక సన్నతాడుతో లాక్కోవాలి.

హార్నెస్ పట్టుకుంది, మనిషి గాలిలో వేలాడుతున్నాడు. అప్పుడేమిటి? తొడల పట్టీలు బిగిసి కాళ్లలో నెత్తురు నిలిచిపోతుంది, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. కాలు పెట్టి నిలబడటానికి ఒక చిన్న పట్టీ హార్నెస్‌తో పాటే వస్తుంది. దాన్ని పెట్టెలో వదిలేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఫోను ఛాతీ జేబులో ఉండాలి, ఏ చెట్టు మీద ఉన్నారో ఇంట్లో తెలియాలి. ఇక్కడ కూడా ఎత్తు లెక్కకొస్తుంది. 15 అడుగుల్లో వేలాడే మనిషిని పొరుగాయన ఇంటి నిచ్చెనతో దించగలడు. ముప్పై అడుగుల్లో వేలాడే మనిషి కోసం అడవిలోకి అగ్నిమాపక సిబ్బంది రావాలి.

మరీ కిందకు రావడం కూడా నాకు ఇష్టం లేదు. ఇళ్ల దగ్గరి అడవుల్లో మంచె మీద నుంచే వేటాడటానికి బలమైన కారణం ఒకటుంది. పై నుంచి వదిలిన బాణం జింకను దాటాక, లేదా గురి తప్పాక, నేలలో దిగబడుతుంది. నేల మీద నిలబడి సమాంతరంగా వదిలితే అది చాలా దూరం పోగలదు, ఆ దారిలో ఎవరి పెరడు ఉందో తెలియదు. అందువల్ల ఎనిమిది, పది అడుగుల మంచెలు శివారుల్లో నాకు సమ్మతం కాదు. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు, తల తిరిగేవాళ్లకు నేల మీది గుడారం ఉంది, అయితే వెనక మట్టిగట్టు ఉన్న చోటే వేసుకోవాలి.

అంకె కావాల్సిందేనని పట్టుబట్టేవాళ్లకు నా అంకెలు ఇవి. ఆకు ఉన్నన్నాళ్లు 14 నుంచి 16 అడుగులు. ఆకు రాలాక, వెనక మరో మాను తోడుంటే 18 నుంచి 20. హెమ్‌లాక్ లేదా పైన్ అయితే 12 చాలు. ఒహాయో వైపు చదును పొలాల పక్కన పలచని అడవిలో, బాట 20 గజాలకు పైన ఉండి, చెట్టు బలంగా ఉంటే 22, 24 దాకా నాకు అభ్యంతరం లేదు. ఆపైన ఎక్కాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కనపడలేదు. ఎక్కితే తప్ప దాగలేని చెట్టు తప్పు చెట్టు.

ఎత్తు ఖాయం చేశాక సీజనుకు ముందే అదే ఎత్తు నుంచి సాధన చేయాలి. పెరట్లో చదును మీద నిలబడి వేసిన వంద బాణాలు మంచె మీద సగం కూడా అక్కరకు రావు. కిందికి గురి చూడటానికి చాలామంది విల్లు పట్టిన చేతిని మాత్రమే దించుతారు. అలా చేస్తే నారి చెంపను తాకే చోటు మారిపోతుంది, బాణం పైకి పోతుంది. ముందు ఎదురుగా గురి చూస్తున్నట్టు నారి పూర్తిగా లాగి, ఆ తర్వాత నడుం దగ్గర వంగాలి. చేతులకూ భుజాలకూ మధ్య ఆకారం చెదరకూడదు. దూరం విషయంలో బాణానికి లెక్కకొచ్చేది నేల మీది అడ్డ దూరం, ఏటవాలు దూరం కాదు. కోణాన్ని కూడా లెక్కగట్టే రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) లేకపోతే, మంచె మీద కూర్చుని బాట పక్కనున్న చెట్టు మొదలును కొలవకండి, అదే చెట్టు మానును మీ కంటి ఎత్తులో కొలవండి. 20 అడుగుల మంచె నుంచి 20 గజాలకు ఈ తేడా గజమున్నర కూడా ఉండదు. ముప్పై అడుగుల నుంచి 10 గజాలకు నాలుగు గజాలు దాటుతుంది.

సాధనలో హార్నెస్ వేసుకునే ఉండాలి, దాని తాడు తల ఎత్తుకు పైన కట్టి, కూర్చున్నప్పుడు దాదాపు వదులు లేకుండా ఉంచాలి. ఆ తాడు ఎడమ వైపు తిరిగినప్పుడు ఎక్కడ అడ్డొస్తుందో ఇప్పుడే తెలుసుకోవాలి. నవంబరు చలికి వేసుకునే మందపాటి కోటు సెప్టెంబరు ఎండలో తొడుక్కోవడం కష్టంగానే ఉంటుంది, అయినా దానితోనే కొన్ని బాణాలు వేయండి. ముంజేతి దగ్గర ఉబ్బిన కోటు చేతికి నారి తగులుతుందేమో చూసి, తగిలితే అక్కడ ఒక పట్టీ కట్టుకోండి.